మంచె బొమ్మ కింద మాట

చిన్నదానికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఖాళీ చోటు కనిపిస్తే చేతులు ఊరుకునేవి కావు. తండ్రి దర్జీ. ఆయన బట్ట మీద గుర్తులు పెట్టుకునే సుద్దముక్కలు ఎత్తుకుపోయి ఇంటి గోడలన్నీ పూలూ పిట్టలూ చేసేసేది. పెద్దది, అంటే దాని అక్క, బుద్ధిగా కూర్చుని పుస్తకంలో ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ ఉంటే, ఇది అందులో బొమ్మలు మాత్రం తిరగేసి కథంతా తెలిసిపోయిందనేది. "బొమ్మ ఉండగా ఈ అక్షరాలెందుకే, చీమలు పాకినట్టు!" అని అక్కను వెక్కిరించేది. తల్లి లేని పిల్లలని తండ్రి గట్టిగా ఒక్క కేక వేసి ఎరగడు. నవ్వి ఊరుకునేవాడు.

పెద్దయ్యాక గోడలు పోయి తెరలు వచ్చాయి. చెప్పుల దుకాణం పైనున్న గదిలో నాలుగు బల్లల ఆఫీసు. మెట్లెక్కుతుంటేనే కొత్త తోలు వాసన గుప్పుమనేది. అక్కడ కూర్చుని చిన్నది దుకాణాలకూ ఆసుపత్రులకూ లాడ్జీలకూ వెబ్‌సైట్లు చేసేది. దాని చెయ్యి పడిందంటే బూజు పట్టిన సామాన్ల కొట్టు కూడా తెర మీద తళతళలాడిపోయేది. రంగు ఎక్కడ ఆపాలో, ఖాళీ ఎంత వదలాలో దానికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. పని చెయ్యడంలో దానికి వంక పెట్టడానికి లేదు. వంకల్లా మాటల దగ్గరే.

మాటలు రాసేది ఎదురుబల్ల మనిషి. అతన్ని అందరూ రాతగాడనే పిలిచేవాళ్లు. ఒక కాలు విరిగిన కళ్లజోడుకు దారం కట్టుకుని, ఎప్పుడూ ఎవరో ఒకరికి ఫోన్ చేసి ఏదో ఒకటి అడుగుతూ ఉండేవాడు. చిన్నది ముందు పెట్టెలు గీసుకునేది. ఆ పెట్టెల్లో పట్టినన్ని మాటలే కావాలనేది.

"ఇక్కడ నాకు రెండు వరుసలు కావాలి గురూ."

"ఏం చెప్పాలి?"

"ఏదో ఒకటి. రెండు వరుసలు నిండితే చాలు."

"ముందు జేబు కుట్టేసి, తర్వాత చొక్కా ఎవరికని అడిగే రకానివి నువ్వు. నిజంగా దర్జీ కూతురివేనా?"

"చదివేదెవరు గురూ? అందరూ చూస్తారు. చూసి, బాగుంటే వస్తారు. నీ మాటలు పరుపులో దూదిలాంటివి. మెత్తగా ఉంటే చాలు, ఏ చెట్టు దూదని ఎవరడుగుతారు?"

"దూదిలో సూది మిగిలిపోతే అప్పుడడుగుతారమ్మా," అనేవాడు రాతగాడు. ఆఫీసంతా నవ్వేది. చిన్నదీ నవ్వేది.

అలాంటి రోజుల్లో ఆ లాడ్జి పని వచ్చింది.

ఒడ్డుకు కాస్త దూరంగా సముద్రంలో ఒక దిబ్బ. దిబ్బ మీద పాత రాతి ఇల్లు. దాన్నే లాడ్జిగా మార్చారు. ఒడ్డు నుంచి దిబ్బకు సముద్రం నడుమ రాళ్లు పరిచిన దారి ఉంది. రోజుకు రెండుసార్లు నీళ్లొచ్చి ఆ దారిని మింగేస్తాయి, రెండుసార్లు కక్కేస్తాయి. ఒడ్డున ఒకప్పుడు హెచ్చరిక బోర్డు ఉండేది. ఉప్పుగాలికి అక్షరాలన్నీ రాలిపోయి తుప్పు రేకు మిగిలింది. లాడ్జి ఆవిడ కొత్తది వేయించలేదు. "ఇప్పుడు బోర్డుల వంక చూసేదెవరమ్మా, అందరి కళ్లూ ఫోన్లలోనేగా! ఆ ముక్కేదో మీ వెబ్‌సైట్‌లోనే పెట్టెయ్యండి," అంది.

రాతగాడు లాడ్జి ఆవిడకు ఫోన్ చేశాడు. ఆవిడ జీపు నడిపే డ్రైవరుకు కూడా చేశాడు. అంతా కనుక్కుని మూడే మూడు వాక్యాలు రాసి పెట్టాడు. "ఈ దారి రోజుకు రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది. బయలుదేరే ముందు మాకు ఫోన్ చేసి, దారి ఎప్పుడు తేలుతుందో అడగండి. దారిలో ఉండగా నీళ్లు కనిపిస్తే కారు వదిలేసి, మధ్యలో ఉన్న కొయ్య మంచె ఎక్కండి." ఇవి అన్నిటికంటే పైన, బొమ్మలకు కూడా పైన ఉండాలన్నాడు.

చిన్నది చదివి మొహం చిట్లించింది. "ఏంటి గురూ ఇది? రమ్మని పిలుస్తున్నామా, చావు కబురు పంపుతున్నామా?"

"దారి చెబుతున్నాం."

"దారి చెప్పడానికి చివర్లో చోటుంది. గుమ్మంలోనే మునిగిపోతారని రాస్తే లోపలికెవడొస్తాడు?"

లాడ్జి ఆవిడ కూడా ఆ మాటే అంది. "అమ్మాయ్, నీ నోట్లో చక్కెర పొయ్యా, నా మనసులో మాటే చెప్పావు. మునగడం, తేలడం, ఇవన్నీ మొదటే ఎందుకమ్మా? వచ్చేవాళ్లకు నేనే ఫోన్ చేసి చెప్పుకుంటాగా."

ఇద్దరు ఒక మాట మీద ఉంటే మూడోవాడి మాట గాలికి పోవడం లోక సహజం. రాతగాడి మూడు వాక్యాలూ పేజీ అడుగున, "మరిన్ని వివరాలు" అనే మీట వెనక్కి వెళ్లిపోయాయి. పైన, గుమ్మంలో, ఒక ఫొటో వచ్చి కూర్చుంది. లాడ్జి ఆవిడ పంపిన వాటిలో అంత అందమైనది ఇంకొకటి లేదు. నీళ్ల నడుమ పొడుగు కాళ్ల కొయ్య మంచె, వెనక నారింజరంగు సూర్యుడు. బొమ్మ కింద ఒక వరుస ఖాళీ మిగిలింది. ఆ రోజు రాతగాడు బిడ్డకు జ్వరమని రాలేదు. ఖాళీ చూస్తే ఓర్వలేని చిన్నది తనే రాసేసింది. "సూర్యాస్తమయం ఇక్కడి నుంచే చూడాలి." వరుసకు సరిగ్గా సరిపోయింది. ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. ముచ్చటేసింది దానికి.

మర్నాడు రాతగాడు ఆ వరుస చూశాడు.

"ఆ మంచె ఎందుకు కట్టారో నీకు తెలుసుగా?"

"తెలుసు. నీ వాక్యాలు కింద ఉన్నాయిగా గురూ."

"కింద అంటే పాతాళంలోనా? ఇంతకీ ఆ దారి నువ్వు చూశావా?"

"ఫొటోలన్నీ చూశాను."

"దారి చూశావా అంటున్నాను."

"అబ్బ! ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అంది చిన్నది. ఎప్పుడూ నవ్వే రాతగాడు ఆ మాటకు నవ్వలేదు.

వెబ్‌సైట్ బయటికి వచ్చింది. లాడ్జి గదులు నిండిపోయాయి. మంచె బొమ్మ చూసి జనం ఒకరికొకరు పంపుకున్నారు. లాడ్జి ఆవిడ ఆనందం పట్టలేక, "ఒకసారి వచ్చి నాలుగు రోజులుండి పో అమ్మాయ్, నీ చేతి చలవే ఇదంతా," అని పిలిచింది. ఆ సంగతి చిన్నది ఇంట్లో చెప్పి మురిసిపోయింది. తండ్రికీ అక్కకూ బావకూ వెబ్‌సైట్ పంపి, "నేను చేసిందే!" అంది. పంపి, సంచి సర్దుకుని వెళ్లింది.

ఎండ బాగా పైకెక్కాక జీపు ఒడ్డున ఎదురొచ్చింది. డ్రైవరు మాట తక్కువ మనిషి. ఎదురుగా దారి పొడిగా, తెల్లగా, గీత గీసినట్టు దిబ్బ దాకా సాగిపోయింది. అటూ ఇటూ తడి ఇసుక. ఎంత అందంగా ఉందో అనుకుంది చిన్నది. సగం దూరం పోయాక మంచె వచ్చింది. ఫొటోలో బొమ్మరిల్లులా ఉండేది, దగ్గర చూస్తే దుంగలూ ఇనప బద్దలూ, నిలువు నిచ్చెన. దుంగలకు పచ్చటి పాచి పట్టి ఉంది. పాచి ఎక్కడ ఆగిందా అని చిన్నది తలెత్తి చూసింది. జీపు పైకప్పు దాటి, ఇంకా పైకి పోయి ఆగింది.

"ఆ పచ్చదేంటి?"

"నీళ్ల గుర్తు."

"అంత ఎత్తా?"

డ్రైవరు అద్దంలోంచి దాని మొహం చూశాడు. "మీరేగా అమ్మా వెబ్‌సైట్ చేసింది? అందులో లేదా?"

చిన్నది మెడ తిప్పి, వెనక్కి పోతున్న ఆ పచ్చ గుర్తునే చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా రాళ్ల సందుల్లో ఇంకా దిగని నీళ్లు గుసగుసలాడుతూనే ఉన్నాయి.

లాడ్జి ఆవిడ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. మంచి గది ఇచ్చింది. కిటికీ తెరిస్తే దారంతా కనిపిస్తుంది. భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, పొద్దు వాలుతుండగా చిన్నది కిటికీ దగ్గర కూర్చుంది. ఆ పచ్చ గుర్తు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఈ పూట ఆ మూడు వాక్యాలూ కాస్త పైకి జరుపుదాం, అంతే కదా అనుకుంది. ముందు ఎక్కడున్నాయో చూద్దామని ఫోన్ తీసింది. మంచె వచ్చింది, సూర్యుడు వచ్చాడు, గదులు వచ్చాయి. కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది. పేజీ అయిపోయింది.

"మరిన్ని వివరాలు" అన్న మీటే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. చిన్న తెర మీద ఆ మీట జరిగి జరిగి సూర్యుడి నెత్తి మీదికి వచ్చిపడేది. బొమ్మ పాడవుతోందని ఫోన్లలో అది కనపడకుండా తనే చేసింది. పెద్ద కంప్యూటర్లో ఉందిగా అనుకుంది. లాడ్జీకి వచ్చేవాడు ఇంట్లో కంప్యూటర్ నెత్తిన పెట్టుకుని దారి చూసుకుంటాడా? ఇన్నాళ్లూ ఆ మూడు వాక్యాలూ ఎవరి కంటా పడలేదన్నమాట. ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాకపోవడం లాడ్జి ఆవిడ ఫోన్ల పుణ్యం, ఫోన్ అందనివాళ్ల అదృష్టం.

అది ఇంకా తేరుకోలేదు, చేతిలో ఫోన్ మోగింది. బావ.

"ఏం మరదలా! ఎక్కడున్నావ్? సముద్రంలో ఉప్పు సరిపోయిందా, ఇంకాస్త వెయ్యమంటావా?"

"బావా, మీరెక్కడున్నారు?"

"చెప్పకూడదనుకున్నాం గానీ నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. నీ దగ్గరికే వస్తున్నాం. కారులో ఉన్నాం. మీ అక్కా, పాపా, మామయ్యగారూ. గదులు లేకపోతే నీ గదిలోనే నలుగురం మూలుగుతాం. మీ నాన్నగారు పొద్దున్నించీ 'నా చిన్నది చేసిన ఊరు చూడాలి' అని ఒకటే గోల."

వెనకనుంచి పాప గొంతు వినిపించింది. "పిన్నీ! నేను ఆ మంచె ఎక్కుతా! సూర్యుడు పడిపోయేలోపల ఎక్కుతా!"

"బావా, దారి మీదికి రావద్దు. ఒడ్డునే ఆగండి. నేను కనుక్కుని..."

"దారి మీదే ఉన్నాం కదా! భలే ఉంది మరదలా, అద్దంలా ఉంది. ఏంటి, వినపడట్లేదు... హలో..."

ఫోన్ తెగిపోయింది.

చిన్నది కిటికీలోంచి చూసింది. దూరంగా, తెల్లటి గీత మీద, అగ్గిపుల్ల తలంత కారు. గీత మాత్రం పొద్దున ఉన్నంత తెల్లగా లేదు. రెండు అంచులూ నలుపెక్కి, గీత సన్నబడుతోంది. తడిపిన బట్ట ముడుచుకుపోయినట్టు, చూస్తుండగానే సన్నబడుతోంది.

మెట్లు ఎలా దిగిందో దానికే తెలియదు. "డ్రైవర్ గారూ! నీళ్లెప్పుడొస్తాయి?"

"వచ్చేస్తున్నాయిగా అమ్మా." అతను జీపు కడుగుతున్నవాడల్లా దాని మొహం చూసి గుడ్డ పారేశాడు.

లాడ్జి ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఇవాళ వస్తామన్నవాళ్లు ఎవరూ లేరే! అందరికీ ఫోన్ చేశానే!"

"మావాళ్లండీ. చెప్పకుండా బయలుదేరారు. బొమ్మ చూసి బయలుదేరారు."

జీపు దిబ్బ వాలు దిగి ఆగిపోయింది. అక్కడ దారి పల్లం. నీళ్లు చప్పుడు లేకుండా అటునుంచి ఇటు దాటుతున్నాయి. అలలు లేవు, నురగ లేదు. పాలు పొంగే ముందు అంచుకు చేరుకున్నట్టు, నిమ్మళంగా, ఎవరినీ పిలవకుండా వస్తున్నాయి. డ్రైవరు ఒక రాయి విసిరి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "జీపు పోదు. పడవ నిలవదు. మనిషీ పోడు. లోపల లాగుడుంటుంది."

దూరంగా కారు మంచె దగ్గర ఆగింది. దీపాలు వెలుగుతున్నాయి. ఒక చిన్న చుక్క, దాని వెనక ఇంకో చుక్క, ఆ వెనక ఇంకోటి నిచ్చెన ఎక్కాయి. సూర్యుడు సరిగ్గా వాళ్ల వెనక, ఫొటోలో ఉన్నట్టే, నారింజరంగులో ఉన్నాడు. అంత అందంగా ఉంది.

ఫోన్ మళ్లీ మోగింది.

"మరదలా, పైకెక్కేశాం! అబ్బబ్బ, నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఇక్కడి నుంచే చూడాలి. నీ నోటికి..."

"బావా, నాన్నేరి?"

"కారులో కూర్చున్నారు. మోకాళ్లు కదా, మీరెళ్లి చూసి రండి, నేనిక్కడ కునుకు తీస్తా అన్నారు."

"బావా, నా మాట విను. నాన్నను పైకెక్కించు. ఇప్పుడే. నీళ్లొస్తున్నాయి."

"సముద్రమన్నాక నీళ్లు రాక పెట్రోలొస్తుందా మరదలు పిల్లా! కంగారుపడకు, కారు తిప్పుకుని ఓ నిమిషంలో..."

డ్రైవరు ఫోన్ లాక్కున్నాడు. "కారు తిప్పకండి. మీ వెనకా ఒక పల్లం ఉంది, అదీ ఈపాటికి మునిగి ఉంటుంది. కారు వదిలెయ్యండి. పెద్దాయన్ని పైకి లాగండి."

అవతల బావ కిందికి వంగి చూసినట్టున్నాడు. ఊపిరి వినపడుతోంది. తర్వాత బావ గొంతు, ఎప్పుడూ వినని గొంతు, వేరే ఎవరిదో అన్నట్టు వచ్చింది.

"రోడ్డేది?"

ఆ తర్వాత ఫోన్ ఎవరూ పట్టుకోలేదు. చెక్కల మీద పడి ఉన్నట్టుంది, ఎక్కణ్నుంచో వచ్చినట్టు మాటలు వినిపించాయి. నిచ్చెన దిగుతున్న బూట్ల చప్పుడు. కారు తలుపు. "లేవండి మామయ్యగారూ, లేవండి." "ఏంట్రా బాబూ, కాళ్లు తడిశాయి నాకు?" "నాన్నా, నా భుజం పట్టుకో, పట్టుకో నాన్నా, వదలకు." నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మోకాళ్లు అవి. ఇంట్లో మూడు మెట్లెక్కడానికి గోడ పట్టుకునే మనిషి. "నా వల్ల కాదమ్మా, మీరు పోండి పైకి, పాప ఒక్కతే ఉంది." "నోర్ముయ్ నాన్నా, కాలు పెట్టు!" తండ్రిని నోర్ముయ్యమన్న అక్కను చిన్నది ఏనాడూ ఎరగదు. పాప మాత్రం "తాతయ్యా, తాతయ్యా" అని ఒకటే పిలుపు.

అప్పుడు పెద్దగా నీళ్ల చప్పుడు. ఎవరో అరిచారు. ఫోన్ ఊరుకుంది.

సూర్యుడు దిగిపోయాడు. మసక కమ్మింది. మంచె మీద మనుషులు ఉన్నారని తెలుస్తోంది, ఎందరో తెలియడం లేదు. కారు కనిపించడం లేదు. కారు దీపాలు మాత్రం ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, నీళ్ల అడుగున. పచ్చగా, రెండు కళ్లలా, కింద నుంచి పైకి చూస్తున్నట్టు. చిన్నది ఆ కళ్ల వంక చూస్తూ నిలబడింది. అది చూస్తుండగానే ఒకటి ఆరింది. కాసేపటికి రెండోదీ ఆరింది.

నీళ్లు దిగేదాకా దాని ప్రాణం ఎక్కడుందో ఆ నీళ్లకే తెలియాలి. లాడ్జి ఆవిడ శాలువా కప్పబోతే తోసేసింది. రాయి మీద కూర్చుని, తనే రాసిన ఒక్క వరుసనూ నోట్లో తిప్పుకుంటూనే ఉంది. సూర్యాస్తమయం ఇక్కడి నుంచే చూడాలి. ఇక్కడి నుంచే చూడాలి.

దారి తేలగానే జీపు కదిలింది. మంచె కింద కారు లేదు. ఎక్కడికో ఈడ్చుకుపోయింది. పైన చలికి బిగుసుకుపోయి, ఒకరినొకరు కరుచుకుని, నలుగురు.

నలుగురూ ఉన్నారు.

అక్క అరచేతుల చర్మం ఊడిపోయింది. బావ నోట ఒక్క జోకు లేదు. పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. తండ్రిని భుజాల మీద మోసి దింపారు. ఒక చెప్పు ఉంది, ఒకటి లేదు. చిన్నది ఆయన కాళ్ల మీద పడి ఏడుస్తుంటే, చేత్తో దాని తల తడిమాడు.

"చిన్నీ, ఆ బొమ్మ కింద రాసింది నువ్వేనా?"

"నేనే నాన్నా."

"ఊఁ." కాసేపు దారి వంక చూశాడు. "నేను ఆ ఒక్క ముక్కే చదివానమ్మా. కళ్లు కనపడవు కదా, ఇంకేమైనా ఉందేమోనని నీ అక్కచేత కూడా చదివించాను. ఇంకేం లేదంది."

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే అక్క, పేజీ చివరిదాకా చదివి, ఇంకేం లేదంది. ఉన్నదాన్ని లేకుండా చేసింది తను.

తెల్లారగానే చిన్నది లాడ్జి ఆవిడ బల్ల ముందు కూర్చుంది. మంచె బొమ్మ తీసేసింది. రాతగాడి మూడు వాక్యాలూ అన్నిటికంటే పైన, పెద్ద నల్లటి అక్షరాల్లో పెట్టింది. ఏ రంగూ వెయ్యలేదు. లాడ్జి ఆవిడ వెనక నిలబడి నీళ్లు నమిలింది. "మరీ అంత పెద్దగా అక్కర్లేదేమోనమ్మా..." చిన్నది తిరిగి చూసింది. ఆవిడ పక్కకు తప్పుకుంది. చిన్నది డ్రైవరును ఒడ్డు దగ్గర కాపలా పెట్టించింది. కొత్త బోర్డుకు మనిషిని పంపించింది. జరిగిందంతా రాతగాడికి రాత్రే చెప్పింది, ఇదంతా చేశాక మళ్లీ ఫోన్ చేసింది.

"పెట్టాను గురూ. నువ్వు రాసింది రాసినట్టు."

"మంచిపని చేశావమ్మా. నాన్నగారెలా ఉన్నారు?"

"జ్వరం. మాట్లాడుతున్నారు." ఏదో ఇంకా ఉందనిపించింది దానికి, అతను ఫోన్ పెట్టెయ్యడం లేదు. "ఏంటి గురూ?"

"ఎలా చెప్పాలో తెలియట్లేదు. నీ బొమ్మ ఇప్పుడు నీ దగ్గరే లేదమ్మా. యాత్రల వెబ్‌సైట్లవాళ్లు ఎత్తుకుపోయారు. జనం పంచుకున్నారు. ఎక్కడ చూసినా అదే మంచె, కింద అదే వరుస. 'చూడాల్సిన చోట్లు' అని ఒకడు పెట్టాడు. వాణ్ని చూసి ఇంకొకడు. పొద్దున్నించీ అందరికీ రాస్తున్నాను. ఒకరిద్దరు తీశారు. మిగతావాళ్లు పలకట్లేదు."

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అన్నారా! అడుగున పెట్టిన మూడు వాక్యాలనూ ఒక్కడూ ఎత్తుకుపోలేదు. అందంగా ఉన్న ఒక్క వరుసే ఊళ్లు దాటిపోయింది. చిన్నది ఆ పగలంతా కూర్చుని ఒక్కొక్కరికీ రాసింది. తీసెయ్యండి, అది సూర్యుణ్ని చూసే చోటు కాదు, ప్రాణం దక్కించుకునే చోటు అని రాసింది. రాస్తుంటే బొమ్మలు దానికంటే ముందు పరుగెడుతున్నాయి. ఒకచోట తీస్తే ఇంకోచోట మొలుస్తున్నాయి.

సాయంత్రమైంది. తండ్రి దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. పడుకోమంటే వినడు. పాప ఆయన ఒళ్లోనే ఉంది, దిగనంటుంది. చిన్నది ఆయనకు వేడినీళ్లు పట్టుకొచ్చింది.

"చిన్నీ."

"ఏం నాన్నా?"

"దారి మీద దీపాలమ్మా."

గ్లాసు బల్ల మీద పెట్టి కిటికీలోకి వంగింది. దారి ఇంకా తెల్లగానే ఉంది. అంచులు మాత్రం నలుపెక్కుతున్నాయి. అవతలి కొసన రెండు దీపాలు. వాటి వెనక ఇంకో రెండు.

ఫోన్ తీసి డ్రైవరును పిలిచింది. గాలి హోరులో అతని గొంతు వగరుస్తోంది. "ఆగట్లేదమ్మా! ఒక కారును ఆపాను, వెనక్కి తిప్పాను. ఈ రెండూ పక్కనుంచి కోసుకుపోయాయి. అడ్డం నిలబడ్డానమ్మా, నీళ్లొస్తాయని మొత్తుకున్నాను. ఫోన్ తీసి నా మొహం మీద పెట్టి, 'ఇందులో అలా లేదే' అంటున్నారు!"

"జీపు హారను కొట్టండి! దీపాలు వెయ్యండి!"

"కొడుతూనే ఉన్నా. నాకు చెయ్యూపి పోతున్నారమ్మా."

సన్నగా, ఈగ రొదలా, ఆ హారను కిటికీ దాకా వచ్చింది. ముందు కారు మంచె దగ్గర నెమ్మదించింది, ఆగింది. రెండోదీ ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. చిన్న చుక్కలు నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాయి. ఎవరో ఒకరు కారులోనే ఉండిపోయినట్టుంది, లోపల దీపం వెలిగే ఉంది.

చిన్నది కిటికీలోంచి సగం బయటికి వంగి, గొంతు చిరిగేలా అరిచింది. పాప కూడా లేచి నిలబడి, దానితోపాటు, "దిగండి! కాదు, ఎక్కండి! అందరూ ఎక్కండి!" అని అరిచింది. అంత దూరం ఏ మాట పోతుంది!

మంచె మీద ఎవరో చెయ్యెత్తారు. చేతిలో ఫోన్ ఒక్కసారి తళుక్కుమంది. సూర్యుణ్ని ఫొటో తీసుకుంటున్నారు.

తండ్రి చెయ్యి చాచి చిన్నదాని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నారు. దిబ్బ కింది పల్లంలో, చప్పుడు లేకుండా, నీళ్లు దారి దాటాయి.